ఎండకు దాహమనుకున్నాం, గర్భసంచిలో చీము పట్టింది

తార్నాక సిరి వాళ్ళమ్మ | మే 14, ఉదయం 6:20

మూడు రాత్రులుగా సరిగా నిద్ర లేదు. సిరి ఇప్పుడే కళ్ళు మూసింది, అది లేచేలోగా ఇది రాసేయాలి. ఆడకుక్క ఉన్న ప్రతి ఇంటివారూ చదవాలని రాస్తున్నాను.

సిరి లాబ్రడార్, ఎనిమిదో ఏడు నడుస్తోంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు, పిల్లల్నీ పెట్టలేదు. మార్చి చివరి వారంలో ఎదకు వచ్చింది, మామూలుగానే తగ్గింది. ఏప్రిల్ ఆఖరులో నీళ్ళు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. మేడ మీద కాలు పెట్టలేనంత ఎండలు, దాహం కాక మరేమిటనుకున్నాం. మామగారు పెరట్లో ఇంకో తొట్టి పెట్టించారు. రోజుకు నాలుగుసార్లు నింపుతూ, పాపం ఎంత దాహమో అని జాలిపడ్డాను. ఎన్నడూ ఇల్లు తడపనిది రాత్రి పడుకున్న చోటే మూత్రం పోస్తే వయసు మీద పడిందనుకున్నాం. పెరుగన్నం వదిలేస్తే, వేసవిలో కుక్కలు తిండి తగ్గిస్తాయని ఎవరో అన్నారు. అదీ నమ్మాం.

మే 9న రెండుసార్లు వాంతి చేసుకుంది. దగ్గర్లోని క్లినిక్‌లో కడుపులో మంట అని ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఎద ఎప్పుడు వచ్చిందని వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. 11వ తేదీ ఉదయానికి లేవలేకపోయింది. పొట్ట బిగిసి ఉంది. వేరే ఆసుపత్రికి తీసుకువెళ్తే అక్కడి డాక్టరమ్మ గారు అడిగిన మొదటి ప్రశ్నే అది: ‘చివరిసారి ఎదకు ఎప్పుడు వచ్చింది?’

స్కానింగ్‌లో గర్భసంచి రెండు కొమ్ములూ లావుపాటి గొట్టాల్లా ఉబ్బి, లోపల నల్లగా ద్రవం కనిపించింది. తెల్ల రక్తకణాలు నలభై వేలు దాటాయి. బయటికి మాత్రం ఒక్క చుక్క చీము రాలేదు. సాయంత్రం దాకా సెలైన్ ఎక్కించి రాత్రి ఆపరేషన్ చేశారు. తీసిన గర్భసంచిని ట్రేలో చూపించారు. అది చూశాక నిలబడలేక గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆ బరువును కడుపులో మోస్తూనే సిరి రోజూ నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గరికి వచ్చేది.

నిన్న ఇంటికి తెచ్చాం. రెండు ముద్దలు కూడా తినడం లేదు. కుట్లు ఎన్నాళ్ళుంచుతారు? ఇలా ఒక జబ్బును మరొకటనుకుని ఆలస్యం చేసినవారు ఇంకెవరైనా ఉంటే దయచేసి రాయండి.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 14, ఉదయం 8:05

అమ్మా, సిరి బతికింది. ముందు ఆ సంగతి గుండెల్లో పెట్టుకోండి. బయటికి చీము కారని రకం రెండింటిలో ప్రమాదకరమైనది. కారేదైతే తోక కింద తడి, వాసన చూసి ఇంట్లోవాళ్ళు త్వరగా పసిగడతారు. గర్భాశయ ద్వారం మూసుకుపోతే చీమంతా లోపలే నిలిచిపోయి, విషం రక్తంలోకి చేరుతుంది. ఒక్కోసారి గర్భసంచి పగులుతుంది.

ఇది ఎందుకొస్తుందో చెబుతాను. ఎద ముగిశాక, చూలు నిలిచినా నిలవకపోయినా కుక్క ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ రెండు నెలల పాటు ఎక్కువగానే ఉంటుంది. దానివల్ల గర్భసంచి లోపలి పొర దళసరి ఎక్కుతుంది, గ్రంథులు ద్రవం ఊరుస్తాయి, కండరాల కదలిక తగ్గుతుంది. ఎదలో ద్వారం తెరుచుకున్నప్పుడు పైకి పాకిన బాక్టీరియా, ముఖ్యంగా ఈ. కోలై, అక్కడ హాయిగా పెరుగుతుంది. ప్రతి ఎదతోనూ ఆ పొర ఇంకొంచెం పాడవుతుంది కాబట్టి నడివయసు దాటినవాటిలో ఎక్కువగా చూస్తాం. ఎద తరవాత నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒంట్లో బాగాలేని ఆడకుక్క ఏది వచ్చినా ముందు దీన్నే అనుమానించాలి.

ఇక దాహం. ఈ. కోలై వదిలే విషం, మూత్రపిండాలు నీటిని వెనక్కి పట్టుకునే శక్తిని దెబ్బతీస్తుంది. నీరంతా మూత్రంగా పోతుంది, పోయినదాన్ని పూడ్చుకోవడానికి కుక్క తాగుతుంది. ఎండ దాహం అలా ఉండదు. ఎండకు కుక్క నాలుక చాపి ఒగరుస్తుంది, నీరు ఆ దారిన పోతుంది, మూత్రం పెరగదు. తాగుడూ మూత్రమూ రెండూ పెరిగితే అది ఎండ పని కాదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు లాంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి, వాటికీ పరీక్ష కావాలి.

అనుమానం వస్తే కొలవండి. పొద్దున ఒక సీసాతో కొలిచి గిన్నెలో పోయండి, మర్నాడు అదే వేళకు మిగిలినది తీసేయండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క మామూలుగా కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. 100 దాటిందంటే మర్నాటి వరకు ఆగకండి.

తిండి సంగతి: చీము నిండిన కుక్కకు ఆపరేషన్ తరవాత రెండు మూడు రోజులు ఆకలి మందగిస్తుంది. ఉడికించిన కోడిమాంసపు నీళ్ళు గోరువెచ్చగా, కొద్దికొద్దిగా, చేత్తో పెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి అసలు పడకూడదు, అవి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. నాలుగో రోజుకూ తినకపోయినా, వాంతి చేసుకున్నా వెంటనే చూపించాలి. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అంతవరకు కుట్లు నాకకుండా మెడ చుట్టూ వేసే ప్లాస్టిక్ గరాటు తీయకండి. సిరి జాలిగా చూస్తుంది, అయినా తీయకండి. ఒక్క రాత్రి నాకితే చాలు, కుట్లు విప్పేసుకుంటుంది.

కూకట్‌పల్లి నివాసి | మే 14, ఉదయం 9:30

డాక్టర్ గారూ, ఆపరేషన్ లేకుండా మందులతో తగ్గదా? మా బంధువుల కుక్కకు ఇంజెక్షన్లతోనే తగ్గిందన్నారు.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 14, ఉదయం 10:10

తగ్గించే మందులు ఉన్నాయి. పిల్లలు కావాలనుకునే చిన్న వయసు కుక్కలో, ద్వారం తెరుచుకుని ఉండి, ఒంట్లో విషం ఎక్కనప్పుడు దగ్గరుండి వాడతాం. గర్భసంచి అక్కడే ఉంటుంది కాబట్టి తరవాతి ఎదలకు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మిగతావాటికి అండాశయాలతో సహా గర్భసంచి తీసేయడమే చికిత్స.

ఇంకో మాట. ఎద రాకుండా, లేదా పొరపాటున దాటితే చూలు నిలవకుండా హార్మోన్ ఇంజెక్షన్లు వేయించేవారున్నారు. అవి ఈ జబ్బును కొని తెచ్చుకోవడమే.

మలక్‌పేట మాస్టారు | మే 14, రాత్రి 9:15

అమ్మా, మాది మామిడిపండు కథ. పోయిన ఏడాది ఇదే నెల. బంగినపల్లి పళ్ళు తిని టెంకలు గిన్నెలో వేసి ఉంచాం. మా బీగిల్ ఒకటి పట్టుకుపోయి కొరుకుతుంటే మనవరాలు ముచ్చటపడి ఫోటో తీసింది. తరవాత టెంక కనిపించలేదు, ఎక్కడో పారేసిందనుకున్నాం. వారం బాగానే ఉంది. ఆ తరవాత వాంతులు, ఏది పెట్టినా పావుగంటలో బయటికి. వేసవి కదా, వడదెబ్బేమో అనుకుని మజ్జిగ పట్టాం. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. టెంక రాయిలాగా, ఎముకలాగా స్పష్టంగా పడదని అప్పుడే తెలిసింది. స్కానింగ్ చేసిన డాక్టర్ గారికి చిన్నపేగులో అడ్డం దొరికింది. పేగు కోసి తీసి కుట్టారు. టెంక ఒత్తిడికి పేగు ఒకచోట రంగు మారిందట, ఇంకొక రోజు ఆగితే ఆ ముక్క కత్తిరించి రెండు కొసలూ కలిపి కుట్టాల్సి వచ్చేదన్నారు.

మనవరాలు తీసిన ఫోటోను ఆ డాక్టర్ గారికి చూపించాం. తారీఖు చూసి, పది రోజులు కడుపులో ఉందన్నారు.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 15, ఉదయం 7:40

మాస్టారు గారూ, టెంక అన్ని రోజులు జీర్ణాశయంలో ఊరికే పడి ఉండి, ఒకరోజు పేగులోకి జారుతుంది. అందుకే వారం బాగుండటం ఎవరినైనా మోసం చేస్తుంది. మొక్కజొన్న కంకి బెండు కూడా ఇలాంటిదే. వర్షాకాలంలో రోడ్డు పక్క కాల్చిన కంకులు తిని పారేసినవి మింగి ఎన్నో కుక్కలు మా దగ్గరికి వచ్చేవి.

కుక్క ఏదైనా మింగడం చూస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించవద్దు, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. వెంటనే తీసుకువస్తే చాలాసార్లు కోత లేకుండా ఇంజెక్షన్‌తో కక్కించవచ్చు, లేదా నోట్లోంచి పంపే కెమెరా గొట్టంతో (ఎండోస్కోపు) తీయవచ్చు. నోట్లోంచో మలద్వారంలోంచో దారం వేలాడుతుంటే లాగకండి. సంక్రాంతి గాలిపటాల మాంజా అయితే మరీ. రెండో కొస లోపల ఎక్కడో చిక్కుకుని ఉంటుంది, లాగితే పేగు ముడతలు పడి రంపంతో కోసినట్టు తెగుతుంది.

రెండు డేన్‌ల ఇల్లు, సైనిక్‌పురి | మే 15, రాత్రి 11:50

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా మొదటి గ్రేట్ డేన్ పేరు భీముడు. ఆరేళ్ళవాడు. ఒక రాత్రి భోజనం చేసి మేడ మీద పరుగులు పెట్టి వచ్చాడు. పదిన్నరకు అటూఇటూ తిరగడం మొదలైంది. వాంతి చేయబోతాడు, నురగ తప్ప ఏమీ రాదు. మళ్ళీ చేయబోతాడు. పొట్ట ఉబ్బింది, తడితే డప్పులా మోగింది. గ్యాస్ పట్టిందని జీలకర్ర నీళ్ళు పట్టాం. గంటసేపు పొట్ట రుద్దుతూ కూర్చున్నాం. ఆ గంటే వాడికి ఉన్న సమయం. రాత్రి తెరిచి ఉన్న ఆసుపత్రి వెతికి చేరేసరికి చిగుళ్ళు తెల్లబడ్డాయి. బల్ల మీదికి ఎక్కించేలోపే పోయాడు.

కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలితిరిగిందని ఆ డాక్టర్ గారు బొమ్మ గీసి చెప్పారు. రెండు వైపులా మూతపడితే గాలి పైకీ రాదు, కిందికీ పోదు. గుండెకు రక్తం తీసుకువెళ్ళే పెద్ద సిర నలిగిపోతుంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు ఇది ఎక్కువ: డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్.

ఇప్పుడున్న రెండో డేన్‌కు సంతాన నిరోధక ఆపరేషన్ చేసేటప్పుడే జీర్ణాశయాన్ని కుడివైపు పొట్టగోడకు కుట్టించాం. ఉబ్బినా మెలిపడదు. తిండి రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెంగా. తిన్న తరవాత పరుగులు లేవు. పెద్ద కుక్క ఉన్నవారందరికీ చేతులెత్తి చెబుతున్నాను. ఒట్టి వాంతి ప్రయత్నం, ఉబ్బిన పొట్ట కలిసి కనిపిస్తే బండి తాళం తీయండి. రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కుని ఫోనులో పెట్టుకోండి.

తార్నాక సిరి వాళ్ళమ్మ | మే 16, ఉదయం 5:55

భీముడి గురించి రాసినందుకు మీకు నమస్కారం. మా ఎదురింట్లో షెపర్డ్ ఉంది, వాళ్ళకు ఇది చదివి వినిపించాను.

సిరి నిన్న రాత్రి కోడిమాంసపు నీళ్ళు గిన్నెడు తాగింది. కానీ లేచేటప్పుడు మూలుగుతోంది. మావారు నొప్పి తగ్గుతుందని మేము వాడే ఐబుప్రొఫెన్ సగం బిళ్ళ ఇద్దామంటున్నారు.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 16, ఉదయం 6:10

ఇవ్వకండి. సగం కాదు, పావు కూడా వద్దు. మనుషుల నొప్పి బిళ్ళలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, కుక్క జీర్ణాశయంలో పుండ్లు చేసి రక్తం కక్కిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. సిరి మూత్రపిండాలు ఇప్పుడే ఆ విషం నుంచి తేరుకుంటున్నాయి. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గారికి ఫోన్ చేయండి, కుక్కలకు తగిన నొప్పి మందు బరువును బట్టి రాసిస్తారు. నొప్పిని భరించమని నేను చెప్పడం లేదు. నొప్పి తగ్గితేనే తిండి, నిద్ర, గాయం మానడం.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను: డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో వాడకూడదని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల్లో చనిపోయాయి.

తార్నాక సిరి వాళ్ళమ్మ | మే 16, ఉదయం 6:14

ఇవ్వలేదు. బిళ్ళ తీసి లోపల పెట్టేశాను. ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను.

వీధికుక్కల నేస్తం, బోరబండ | మే 16, మధ్యాహ్నం 1:20

మా వీధిలో ఒక మగకుక్కకు మూత్రాంగం నుంచి నెల రోజులుగా రక్తం చుక్కలు పడుతున్నాయి. లోపల కాలీఫ్లవర్ పువ్వులాంటి కండ కనిపించింది. క్యాన్సర్, కోసి తీయాలి, ఖర్చు చాలా అవుతుందని ఒకచోట చెప్పారు. చందాలు వేసుకుంటున్నాం. నిజంగా కోయాలా?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 16, మధ్యాహ్నం 2:45

చందా డబ్బు మరో కుక్కకు దాచండి బాబూ. మీరు చెప్పినదాన్ని బట్టి అది జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే కణితి అయి ఉండవచ్చు. మన వీధికుక్కల్లో చాలా ఎక్కువ. కణితి మీద అద్దిన గాజుపలకను సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిపోతుంది. విచిత్రమేమిటంటే ఆ కణాలు ఈ కుక్కవి కావు. వేల ఏళ్ళ కిందట బతికిన ఒకే ఒక్క కుక్క ఒంట్లో పుట్టిన క్యాన్సర్, ఆ కుక్క చనిపోయాక కూడా ఒంటి నుంచి ఒంటికి పాకుతూ ప్రపంచమంతా తిరుగుతోంది.

దీనికి కత్తి కన్నా మందు మేలు. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికి ఒకటి చొప్పున నరంలోకి ఇస్తారు, ఎక్కువవాటికి నాలుగు నుంచి ఆరు వారాల్లో కణితి కరిగిపోతుంది. ప్రతిసారీ ముందు రక్తకణాలు లెక్కించాలి. మందు నరం బయటికి చుక్క కారినా అక్కడి కండ కుళ్ళిపోతుంది కాబట్టి చేయి తిరిగినవారే వేయాలి. ఆ రోజుల్లో దాని మలమూత్రాలు శుభ్రం చేసేవారు చేతికి తొడుగులు వేసుకోవాలి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికో, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకో తీసుకువెళ్ళండి. నయమయ్యాక సంతాన నిరోధక ఆపరేషన్ చేయించి, చెవి కొస గుర్తుతో అదే వీధిలో వదలండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేదీ అదే, పట్టిన చోటే వదలాలని.

వీధికుక్కల నేస్తం, బోరబండ | మే 16, మధ్యాహ్నం 3:00

డాక్టర్ గారూ, మా వీధి పిల్లలందరి తరఫున మీకు కృతజ్ఞతలు. సోమవారం ఆటో మాట్లాడాను.

కొత్త సభ్యురాలు, మణికొండ | మే 17, ఉదయం 11:05

మా ఐదు నెలల బుల్‌డాగ్ కంటి మూలలో ఎర్రగా గింజలాంటిది పొడుచుకొచ్చింది. కత్తిరించేస్తే ఐదు నిమిషాల పని అన్నారు. రేపు చేయించుకోవాలి.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 17, మధ్యాహ్నం 12:00

అమ్మా, రేపటి పని ఆపండి. అది గింజ కాదు, మూడో కనురెప్ప కింది కన్నీటి గ్రంథి జారి బయటికి వచ్చింది. కంటి తడిలో పెద్ద వాటా దానిదే. కత్తిరిస్తే ఈరోజు అందంగా ఉంటుంది, కొన్నేళ్ళకు కన్ను ఎండిపోయి, జీవితాంతం చుక్కల మందు వేస్తూ ఉండాలి. గ్రంథిని లోపలికి నెట్టి చిన్న సంచిలా కుట్టే పద్ధతి ఉంది, అది చేసేవారి దగ్గరికి వెళ్ళండి. బుల్‌డాగ్, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మత్తు ఇచ్చేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. పూర్తిగా తెలివి వచ్చేవరకు శ్వాసగొట్టం తీయకుండా పక్కన మనిషి ఉంటారా అని అడగండి. అడిగితే ఏ మంచి వైద్యుడూ నొచ్చుకోడు.

మెట్టుగూడ అక్క | మే 17, సాయంత్రం 6:30

మత్తు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా దాన్ని మామూలు సంతాన నిరోధక ఆపరేషన్‌కు తీసుకువెళ్తే ముందు రక్తపరీక్ష చేయించమన్నారు. హుషారుగా తిరుగుతోంది, ఎందుకు ఈ ఖర్చు అని విసుక్కున్నాను. ప్లేట్‌లెట్లు నలభై వేలకు పడిపోయి ఉన్నాయి. గోమార్ల జ్వరం, పైకి ఏమీ తెలియలేదు. నెల రోజులు డాక్సీసైక్లిన్ వాడి, ప్లేట్‌లెట్లు పెరిగాకే ఆపరేషన్ చేశారు. అలాగే కోసి ఉంటే రక్తం ఆగేది కాదట. మన ఊళ్ళో గోమార్లు లేని నెల లేదు, ఆ పరీక్ష వద్దనకండి.

కూకట్‌పల్లి నివాసి | మే 18, ఉదయం 8:20

ఇదంతా చదివాక మా పది నెలల గోల్డెన్ రిట్రీవర్‌కు సంతాన నిరోధక ఆపరేషన్ వెంటనే చేయించేయాలనిపిస్తోంది. కానీ పెద్ద జాతులకు ఏడాదిలోపు చేయిస్తే కీళ్ళు దెబ్బతింటాయని కూడా చదివాను. ఏది నమ్మాలి?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | మే 18, ఉదయం 9:45

రెండూ నిజమే. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము కణితులు వచ్చే అవకాశం, ఆపరేషన్ చేయించనివాటికి ఉండేదానిలో అర శాతానికి, ఒక ఎద తరవాతైతే 8 శాతానికి, రెండు ఎదల తరవాతైతే 26 శాతానికి దిగుతుందని 1969లో ఒక అధ్యయనం వచ్చింది. మేమందరం ఆ అంకెలు వల్లించి పెరిగాం. ఆ అంకెలకు ఆధారం బలంగా లేదని తరవాత సమీక్షించినవారు అన్నారు. మరోవైపు గోల్డెన్, లాబ్రడార్, షెపర్డ్ లాంటి జాతులకు ఏడాదిలోపు చేస్తే మోకాలి స్నాయువు తెగడం, తుంటి కీలు జబ్బులు పెరుగుతున్నాయని కొత్త అధ్యయనాలు చూపాయి. మీ కుక్క విషయంలో నేనైతే ఎదుగుదల పూర్తయ్యేదాకా, ఏడాది, ఏడాదిన్నర దాకా ఆగి, ఎద ముగిసిన రెండు మూడు నెలలకు చేస్తాను. చిన్న జాతులకు ఇంత ఆగనక్కర లేదు. నా తోటి వైద్యుల్లో కొందరు దీనితో ఏకీభవించరు. కానీ ఎనిమిదేళ్ళ వరకు ఊరికే వదిలేయమనేవారు మాలో ఎవరూ లేరు.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఉన్నవారు నెలకొకసారి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ములన్నీ వేళ్ళతో తడమండి. బఠాణీ గింజంత గడ్డ తగిలినప్పుడు తెస్తే చిన్న కోతతో పోతుంది. నిమ్మకాయంత అయ్యాక తెచ్చేవారే ఎక్కువ. అప్పుడు ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులకు పాకిందేమో చూడాలి.

మలక్‌పేట మాస్టారు | మే 18, రాత్రి 8:10

ఇంటికి రాగానే తడిమాను. ఏమీ లేదు. మా బీగిల్‌కు కితకితలు పెట్టినట్టుంది, చేయంతా నాకేసింది.

తార్నాక సిరి వాళ్ళమ్మ | మే 24, రాత్రి 7:30

నిన్న కుట్లు తీశారు. గాయం సన్నటి గీతలా మానింది. మళ్ళీ చేసిన రక్తపరీక్షలో తెల్లకణాలు మామూలుకు వచ్చాయి, మూత్రపిండాల అంకెలూ బాగున్నాయి. ఈరోజు పెరుగన్నం గిన్నె ఖాళీ చేసి, ఇంకా కావాలని మామగారి పంచె పట్టుకుని లాగింది.

మామగారు పెరట్లో రెండో తొట్టి తీసేయలేదు. దాని లోపలి గోడకు గీతలు పెట్టి, ఎంత పోశారో, ఎంత మిగిలిందో ఆయనే క్యాలెండరు మీద రాస్తున్నారు. సిరి బరువు 27 కిలోలు. ఎండ ఇంకా అలాగే ఉంది. నిన్న పొద్దుటి నుంచి ఈ పొద్దుటి దాకా తాగినది లీటరున్నర.